వేడెక్కని బిళ్ళ

మా మామగారికి సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఎదుట గోడంతా అద్దం, వెనక గోడకు ఇంకో అద్దం, మూలన తువ్వాళ్ళకు ఆవిరి పట్టే స్టీలు పెట్టె. పొద్దున్నే తెల్లకోటు తొడిగి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నారంటే, మళ్ళీ ఇంటికొచ్చి స్నానానికి వెళ్ళేదాకా ఆ కోటు విప్పరు. నేను ఆ ఇంటి కోడలినై చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన్ని చొక్కా లేకుండా ఒక్కసారి కూడా చూడలేదు. కోడలి ముందు అలా కనిపించడం ఆయన దృష్టిలో దొంగతనం కంటే పెద్ద నేరం. ఇంట్లో నా అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చేతికందిన గుడ్డేదో భుజాల మీద కప్పేసుకుంటారు. నిరుడు ఒకసారి చేతికందింది భోజనాల బల్ల మీది గుడ్డ. పెద్ద పెద్ద పువ్వులున్న ఆ గుడ్డను ఛాతీ చుట్టూ బిగించుకుని, ఆ ఏటి వానల గురించి నాతో ఎంతో గంభీరంగా మాట్లాడారు. నేనూ అంతే గంభీరంగా విన్నాను.

ఈ గుండీల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత మేం పడ్డ తిప్పల్లో సగం వాటివల్లే.

ఆయన కుడిచెయ్యి వణకడం కొన్నేళ్ళ కిందట మొదలైంది. మొదట్లో టీ కప్పు సాసరు మీద చప్పుడు చేసేది. తర్వాత దువ్వెన జారిపోయేది. ఇంట్లో అందరం చూస్తూనే చూడనట్టు ఉండేవాళ్ళం. ఒకరోజు పోస్టుమాస్టారి చెంప మీద కత్తి గీత పడింది. ఈ పోస్టుమాస్టారు ఎప్పుడో రిటైరైన మనిషి, మామయ్య చేత తప్ప ఇంకొకరి చేత గడ్డం గీయించుకోని మనిషి. చెంపకు ప్లాస్టరు వేసుకుని, అడిగినవాళ్ళందరికీ పిల్లి గీరిందని చెప్పుకొచ్చారు. ఆయనకు పిల్లి లేదు. మామయ్య ఆ రోజే కత్తి మడిచి సొరుగులో పెట్టేశారు. గడ్డాలన్నీ రెండో కుర్చీ చిన్నోడి వంతయ్యాయి. చిన్నోడంటే యాభై దాటినవాడే. కొట్లో చేరిన రోజు పెట్టిన పేరు, జుట్టు నెరిసినా అలాగే ఉండిపోయింది.

కత్తి సొరుగులోకి వెళ్ళాక మామయ్య మనిషి మనిషిలా లేరు. కొట్టుకు వెళ్ళేవారు, కోటు వేసుకునేవారు, తువ్వాళ్ళు మడతపెట్టేవారు, తిరిగొచ్చేవారు. అన్నం కలుపుతుంటే మెతుకులు చింది బల్ల మీద పడితే, వాటిని ఏరుతున్న చెయ్యి కూడా వణికేది. అప్పుడే నేను ఆపరేషన్ మాట ఎత్తాను.

అందులో చేసేదేమిటంటే, తలలోకి సన్నటి తీగ పంపిస్తారు. అది మెడ పక్కగా చర్మం కిందనుంచే దిగి, ఛాతీ పైభాగంలో, కాలరెముక కింద దాచిన అగ్గిపెట్టెంత పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టె మెదడుకు ఎడతెగకుండా చిన్న చిన్న కరెంటు దెబ్బలు పంపుతుంటే చెయ్యి కుదురుగా ఉంటుంది. పెట్టె నడవడానికి బ్యాటరీ కావాలి. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మనిషిని కోయలేరు కనుక, అరచేతి వెడల్పున్న ఒక బిళ్ళను పైన చర్మం మీద పెడితే, తీగ లేకుండానే లోపలికి కరెంటు ఎక్కుతుంది. వారంలో రెండుమూడుసార్లు కాసేపు బిళ్ళ పెట్టుకుని కూర్చోవడమే. అది మానేస్తే పెట్టె ఆగిపోతుంది, చెయ్యి మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ బిళ్ళలు తయారుచేసే కంపెనీలోనే నేను ఉద్యోగం చేస్తున్నాను. నేను తయారుచేయను, వేధిస్తాను. అచ్చం కండలా ఉండే ఒక జిగురు దిమ్మెలో పెట్టెను పాతి, పైన బిళ్ళ పెట్టి, వంకర పెట్టి, పక్కకు జరిపి, గుడ్డలు కప్పి, ఎప్పుడు ఎంత వేడెక్కుతుందో చూడటం నా పని. తీగ లేకుండా పంపే కరెంటులో కొంత దారిలోనే వేడిగా మారిపోతుంది. బిళ్ళ సరిగ్గా పెట్టె మీద కూర్చోకపోతే వేడి ఇంకా పెరుగుతుంది. ఒంటి వేడికి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైతే శరీరం సర్దుకుంటుంది. అంతకు మించితే సర్దుకోదు. దిమ్మెకు నొప్పి తెలియదు కాబట్టి దాని తరఫున నేను గొడవ పడుతుంటాను. ఆఫీసులో నాకు ముక్కుమీద కోపం అని పేరుంది. ఉత్తి పుణ్యానికి వచ్చిన పేరేమీ కాదది.

మా పాత రకం బిళ్ళ బాగా వేడెక్కేది. అది మంచిది కాదని నేను మొదటినుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పోరగా పోరగా కొత్త రకం వచ్చింది. అది వేడెక్కదు. కాస్త వెచ్చబడిందంటే తనంతట తానే ఆగిపోతుంది, చల్లబడ్డాకే మళ్ళీ మొదలుపెడుతుంది. ఎందుకు ఆగిందో గుర్తుపెట్టుకునే తెలివి మాత్రం దానికి పెట్టలేదు. అది అనవసరం అన్నారు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకు కొత్త బిళ్ళ ఇస్తున్నారు. పాతవాళ్ళ దగ్గర పాత బిళ్ళలే ఉన్నాయి. వాటిని వెనక్కి తెప్పించి కొత్తవి ఇద్దామని నేను అన్నప్పుడల్లా మా మేనేజరు ఒకటే మాట అనేవాడు. ఇన్ని ఇళ్ళల్లో వాడుతున్నారు, ఒక్క ఫిర్యాదు లేదు, కాలిన మనిషిని ఒక్కణ్ణి చూపించమ్మా అని. నవ్వుతూనే అనేవాడు. నేను దిమ్మెను చూపించేదాన్ని. దిమ్మె మనిషి కాదు కదా అనేవాడు.

మామయ్యకు ఆపరేషన్ అయింది పాత బిళ్ళల కాలంలో. ఆపరేషన్ తర్వాత చెయ్యి కుదుటపడింది. కత్తి సొరుగులోంచి బయటికొచ్చింది. పోస్టుమాస్టారు అందరికంటే ముందొచ్చి కుర్చీలో కూర్చుని గడ్డం ఎత్తారు. మామయ్య మధ్యాహ్నం గిరాకీ తగ్గాక తన కుర్చీలోనే వెనక్కి వాలి బిళ్ళ పెట్టుకునేవారు. ఆ వేళకు తలుపు గడియ వేసి ఉంటుంది. నేను ఎలా ఉంది మామయ్యా అంటే, బ్రహ్మాండంగా ఉందమ్మా అనేవారు. బిళ్ళ వేడెక్కుతోందా అంటే, మామూలే అనేవారు. నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా అత్తయ్యకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. అప్పట్లో నాకది వింతగా తోచలేదు.

ఈమధ్య పాత బిళ్ళ పట్టీ తెగిపోయింది. ఇదే అదనని నేను కొత్త బిళ్ళ తెచ్చిచ్చి, పాతది తీసుకెళ్ళి ఆఫీసు సొరుగులో పడేశాను. అక్కడ మొదలైంది అసలు కథ.

కొత్త బిళ్ళతో బ్యాటరీ ఎక్కలేదు. మామయ్య గంటల తరబడి పెట్టుకుని కూర్చున్నా, సగం కూడా నిండేది కాదు. రెండో వారానికి చెయ్యి వణకడం మొదలైంది, కత్తి సొరుగులోకి వెళ్ళిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ మంచం మీద పడుకోబెట్టి, అదే బిళ్ళను ఆస్పత్రి గౌను మీదనుంచే పెడితే శుభ్రంగా ఎక్కింది. పలుచటి గుడ్డ అడ్డమున్నా కొత్త బిళ్ళ పనిచేస్తుంది కనుక, నర్సు గౌను విప్పమనలేదు. ఇంటికొచ్చాం. మళ్ళీ ఎక్కదు. ఆస్పత్రికి వెళితే ఎక్కుతుంది. ఈ దాగుడుమూతలతో మా ప్రాణాలు విసిగిపోయాయి.

మా ఆయన వ్యాను నడుపుతాడు, కరెంటు గురించి అన్నీ తెలుసనుకుంటాడు. కొట్లో వైరింగు పాతదన్నాడు. తర్వాత అద్దాల మీద అనుమానం వచ్చింది. అటూ ఇటూ అద్దాలుంటే కరెంటు అటే పోతుందేమో అన్నాడు. ఆ రాత్రి నేను అతనితో మాట్లాడలేదు. నేను మాత్రం పద్ధతిగా అడిగాను. బిళ్ళ సరిగ్గా పెట్టె మీదే పెడుతున్నారా? పెడుతున్నాను. మీద దుప్పటిగానీ శాలువాగానీ కప్పుకుంటున్నారా? మధ్యాహ్నం పూట నాకు దుప్పటెందుకమ్మా? హీటరు పక్కన కూర్చుంటున్నారా? కొట్లో హీటరే లేదు. అన్నిటికీ నిజమే చెప్పారు. ఒకసారి పెట్టుకుని చూపించమంటే మాత్రం నీళ్ళు నమిలారు. నేను కూడా పట్టుబట్టలేకపోయాను. పట్టుబడితే ఏ గుడ్డ కప్పుకుని వస్తారోనని భయం.

డాక్టరు చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పడుకుంటే ఎక్కుతోంది, కుర్చీలో కూర్చుంటే ఎక్కట్లేదు, కాబట్టి లోపలి పెట్టె వదులై పక్కకు తిరుగుతూ ఉండాలన్నాడు. అలా జరగడం ఉన్నదే. ఛాతీ మళ్ళీ తెరిచి పెట్టెను సరిచేసి కుట్టాలి. వచ్చే సోమవారానికి రాసేశాడు.

మామయ్య ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్కటే మాటన్నారు. మళ్ళీ కోసేటట్టయితే లోపలున్నదంతా తీసేయమని చెబుతాననీ, కొట్టు చిన్నోడికి అప్పగించేస్తాననీ. గొంతు పెంచలేదు. పెరుగు వడ్డించమన్నంత మామూలుగా అన్నారు. అన్నారంటే చేసే మనిషని అందరికీ తెలుసు.

తర్వాత ఆయన నావైపు చూడకుండా, ఆ పాత బిళ్ళ ఉంటే ఇప్పించమ్మా, అది మంచిది, పెట్టగానే వేడెక్కేది, కరెంటు ఎక్కుతున్నట్టు తెలిసేది అన్నారు. మా ఆయన కూడా అదే అన్నాడు. దాన్ని దాచుకుని ఏం చేసుకుంటావు, నాన్న చెయ్యి కంటే అది ఎక్కువా అన్నాడు. నాకు నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేశాను. వేడి వద్దని ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నది నేను. మా ఇంట్లోనే ఆ వేడి కోసం బతిమాలుతున్నారు.

శనివారం ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరాను. పాత బిళ్ళకు కొత్త పట్టీ వేయించి బ్యాగులో పెట్టుకున్నాను. ఒకసారి కొట్లో కూర్చుని నా కళ్ళతో చూడాలి. ఏమీ తేలకపోతే పాతది చేతిలో పెట్టి, సోమవారం గండం గట్టెక్కించాలి. నాకు ఇష్టం లేని పని అది. అయినా ఆయన కొట్టు వదిలేయడం చూడటం నావల్ల కాదు.

నేను వెళ్ళేసరికి చిన్నోడు ఒకాయన జుట్టు కత్తిరిస్తున్నాడు. మామయ్య కుర్చీలో పోస్టుమాస్టారు వాలి ఉన్నారు. మామయ్య చెయ్యి బాగుపడేదాకా గడ్డం తీయించుకోనని ఆయన మొండికేశారు. నెరిసిన గడ్డం కాలరు దాకా దిగింది. గడ్డం గీయకపోయినా వారానికోసారి వచ్చి మొహానికి వేడి తువ్వాలు వేయించుకుని వెళుతున్నారట, అలవాటు తప్పకుండా. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. బ్యాగు ఒళ్ళో ఉంది.

మామయ్య స్టీలు పెట్టె మూత తీసి, పటకారుతో తువ్వాలు తీసి, రెండు చేతుల మధ్య పిండారు. కుడిచెయ్యి వణుకుతున్నా ఆ పిండటంలో మాత్రం పొరపాటు లేదు. తువ్వాలును తన ముంజేతి మీద ఒకసారి ఆనించి చూసుకుని, పోస్టుమాస్టారి గడ్డం కిందనుంచి చుట్టి, ముక్కు మాత్రం బయట ఉండేటట్టు మొహమంతా కప్పారు. పైనుంచి అరచేతులతో మెత్తగా నొక్కారు. నాకు వినబడాలనో, ఊరికే అలవాటుగానో, ఇలా వేడి చూపించకుండా కత్తి పెడితే చర్మం కందిపోతుందమ్మా అన్నారు. ముందే వేడికి అలవాటు చేస్తే చర్మం మెత్తబడి, తర్వాత ఏది పెట్టినా ఓర్చుకుంటుందట. ఆయన తండ్రి నేర్పిన మొదటి పాఠం అదేనట, కత్తి పట్టడం తర్వాత.

తర్వాత ఏది పెట్టినా.

నేను బెంచీ మీంచి లేచాను.

"మామయ్యా, బిళ్ళ పెట్టుకునే ముందు మీరు కూడా తువ్వాలు వేసుకుంటారా?"

చేతులు కడుక్కుని అన్నం తింటారా అని అడిగినట్టు చూశారు ఆయన.

"వేసుకోకుండా ఎలా పెట్టుకుంటారమ్మా?"

మిగతాది నెమ్మదిగా రాబట్టాను. ముందు ఒక వేడి తువ్వాలు, చర్మం ఎర్రబడేదాకా. అది తీసి బిళ్ళ. కొత్త బిళ్ళ మరీ చల్లగా ఉంటోంది కనుక దానిమీద ఇంకో వేడి తువ్వాలు. అది చల్లారితే మరొకటి. ఎక్కట్లేదని తెలిసిన దగ్గర్నుంచి తువ్వాళ్ళు ఇంకా ఎక్కువ చేశారట. దుప్పటి కప్పుకుంటారా అని నేనడిగితే లేదన్నారు, అది నిజమే. తువ్వాలు ఆయన లెక్కలో కప్పుకునేది కాదు. అది పనిలో భాగం, ఎవరూ అడగనిది, ఎవరికీ చెప్పనిది. ఆస్పత్రిలో తువ్వాళ్ళు లేవు. అందుకే అక్కడ ఎక్కింది.

బిళ్ళకు కళ్ళు లేవని చెప్పాను. తనకు తగిలిన వేడి తువ్వాలుదో, లోపలి పెట్టెదో దానికి తెలియదనీ, మనిషికి కాలుతోందని అనుకుని ఆగిపోతోందనీ, అలా ఆగేటట్టు పట్టుబట్టి పెట్టించింది నేనేననీ చెప్పాను. ఆయన పటకారు పట్టుకుని అంతా విన్నారు.

"అంటే నా తువ్వాలు వల్లే నా చెయ్యి వణుకుతోందంటావు."

"అవును మామయ్యా."

ఇంకో కుర్చీలో చిన్నోడి కత్తెర ఆగింది. మామయ్య పటకారును స్టీలు పెట్టె మీద పెట్టి, దాన్ని తిన్నగా సర్దారు. ఇప్పుడే తువ్వాలు లేకుండా పెట్టి చూద్దామన్నాను. సరే, చిన్నోడు సాయం చేస్తాడు, నువ్వు ఇంటికి పద అన్నారు. కరెంటు ఎక్కుతుంటే బిళ్ళ మీద ఆకుపచ్చ లైటు వెలగాలి, ఆ రంగు నేను చూడాలన్నాను. చిన్నోడు చూసి చెబుతాడన్నారు. చిన్నోడికి ఆ రంగుల గురించి ఏమీ తెలియదన్నాను. ఆయన కోటు పైగుండీ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. తువ్వాలు కిందనుంచి పోస్టుమాస్టారు, నేనైతే కళ్ళు మూసుకునే ఉన్నానయ్యా, ఇంకెందుకు మొహమాటం అన్నారు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య క్యారియర్ పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. ఆమె వచ్చింది భోజనం ఇవ్వడానికి. నా మొహం, ఆయన మొహం మార్చి మార్చి చూసింది. విషయం రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె క్యారియర్ కింద పెట్టి, ఆయన్ని ఖాళీ స్టూలు మీద అద్దానికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆయన వణికే వేళ్ళతో గుండీ తీయబోయారు. గుండీ దొరకలేదు. అత్తయ్య ఆ చేతిని పక్కకు జరిపి, ఒక్కొక్కటే తానే తీసింది.

"చూపించండి. ఎన్నాళ్ళు దాస్తారు?"

కాలరెముక కింద గుండ్రటి మచ్చ ఉంది. సరిగ్గా పాత బిళ్ళ అంచంత వలయం, కాఫీ రంగులో. ఒకచోట చర్మం ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. బొబ్బ లేచి, చితికి, మళ్ళీ అదే చోట లేచి మానితే అలా అవుతుంది. ఆ ఆకారం నాకు బాగా తెలుసు. జిగురు దిమ్మె మీద ఎన్నోసార్లు చూశాను.

ఎప్పటిదని అడిగాను. అత్తయ్యే చెప్పింది. మొదటి ఏడాదే కాలిందట, కుర్చీలో నిద్రపట్టినప్పుడు. తర్వాత కూడా అప్పుడప్పుడూ. ఆమె మందు రాసేదట. కరెంటు లోపలికి ఎక్కుతుంటే ఆ మాత్రం కాలదా అని ఆయన అనుకున్నారట. తువ్వాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు, చర్మాన్ని ముందే వేడికి అలవాటు చేస్తే ఓర్చుకుంటుందని.

"నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

ఆయన నావైపు తిరగలేదు. అద్దంలో ఉన్న నాతో మాట్లాడారు.

"నీ కంపెనీ వస్తువు కదమ్మా. సొంత మామకే కాలిందంటే అక్కడ నిన్ను నిలబడనిస్తారా? చర్మం మళ్ళీ వస్తుంది. పోయిన ఉద్యోగం రాదు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. కాలిన మనిషిని ఒక్కణ్ణి చూపించమని వాళ్ళు ఎద్దేవా చేస్తుంటే, ఆ ఒక్కడి కోసం నేను ఏళ్ళ తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికాను. ఆ ఒక్కడు మా ఇంట్లోనే, నా ఎదుటే కూర్చుని అన్నం తింటున్నాడు. పువ్వుల గుడ్డ బిగించుకుని వానల గురించి మాట్లాడింది కూడా దీన్ని కప్పుకోవడానికే. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. బ్యాగులో ఉన్న పాత బిళ్ళ గుర్తొచ్చింది. ఇంకాస్త ఉంటే దాన్ని నా చేతులతో ఆయనకు ఇచ్చేదాన్ని. బెంచీ మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి, ఒక ఫోటో తీసుకుంటాను మామయ్యా అన్నాను. ఎవరికని అడిగారు. మా మేనేజరుకు అన్నాను. పాత బిళ్ళలు ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఉన్నాయనీ, వాళ్ళు కూడా ఇలాగే మామూలే అనుకుని నోరు మూసుకుని ఉంటారనీ చెప్పాను. ఆయన ఆలోచించారు. నీ మీదికి మాట రాదు కదా అన్నారు. వస్తే రానివ్వండి అన్నాను.

"అయితే ఆగు" అని, ఎడమచేత్తో దువ్వెన తీసుకుని అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నారు. ఫోటోలో మొహం రాదు మామయ్యా అన్నాను. తెలుసులే అంటూనే పాపిడి సరిచేసుకున్నారు. తర్వాత కుడిచేత్తో కోటు అంచు పక్కకు లాగి పట్టుకుని, నిటారుగా కూర్చున్నారు.

ఫోటోలో మచ్చ స్పష్టంగా వచ్చింది. కోటు పట్టుకున్న చెయ్యి మాత్రం అలికినట్టు వచ్చింది. చెయ్యి కదిలింది, ఇంకోటి తీస్తానన్నాను. ఫోను తీసుకుని దూరంగా పట్టుకుని చూశారు.

"అదే పంపు. కాలుతున్నా ఎందుకు పెట్టుకున్నానో కూడా తెలియాలి కదా."

కొత్త బిళ్ళను మచ్చ పక్కకు కాకుండా సరిగ్గా పెట్టె మీద పెట్టాను. అబ్బ, చల్లగా ఉంది అన్నారు. అలాగే ఉండాలన్నాను. బిళ్ళ మీది లైటు ఆయన గడ్డం కింద పడి ఆయనకు కనబడదు. కానీ సెలూన్లో అద్దానికేం తక్కువ. ఆకుపచ్చ లైటు వెలగడం, వెలుగుతూనే ఉండటం ఆయన అద్దంలో చూశారు. ఇదివరకు దానిమీద ఎప్పుడూ తువ్వాలే ఉండేది. చిన్నోడు కూడా వచ్చి నిలబడి చూశాడు. ఆ లైటు వంక అంతమంది అంతసేపు చూడటం నేను ఆఫీసులో కూడా ఎరగను.

పెట్టె నిండి మళ్ళీ పనిలో పడ్డాక, స్విచ్చి ఆపిన ఫ్యానులా చెయ్యి నెమ్మదిగా నిలిచింది. మామయ్య కోటు గుండీలు తానే పెట్టుకున్నారు. సొరుగు తెరిచారు. పోస్టుమాస్టారి మొహం మీది తువ్వాలు ఎప్పుడో చల్లారిపోయింది, ఆయన కుర్చీలోనే గుర్రు పెడుతున్నారు. మామయ్య ఆయన్ని లేపలేదు. ఇంకో వేడి తువ్వాలు తీసి కప్పి, ముందు కత్తెరతో ఆ గడ్డమంతా దించి, నురుగు రాసి, కత్తి పెట్టారు. మొదటి గీత దవడ నుంచి చెవి దాకా ఒకే వరసలో వెళ్ళింది. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను బయటికి వెళ్ళి డాక్టరుకు ఫోను చేశాను. కారణమేమిటని ఆయన అడిగితే తువ్వాలు అన్నాను. సోమవారం ఆపరేషన్ ఆగిపోయింది.

ఆఫీసులో ఆ ఫోటో పెద్ద తెర మీద పెట్టాను. పక్కన బల్ల మీద పాత బిళ్ళ కూడా పెట్టాను. మేనేజరు చాలాసేపు చూశాడు. చెయ్యి కదిలినట్టుంది, ఇంకా స్పష్టమైనది లేదా అని అడిగాడు. లేదన్నాను. ఎవరీయన అన్నాడు. మా మామగారు అన్నాను. అతను తల దించుకున్నాడు. నన్ను ఏమంటారోనని మామయ్య భయపడ్డ మాట ఏదీ ఎవరూ అనలేదు. పాత బిళ్ళలు వెనక్కి తెప్పించడం మొదలైంది. వాటితోపాటు ఇలాంటి మచ్చల ఫోటోలు కూడా రావడం మొదలైంది. ఒక్కణ్ణి చూపించమనే మాట మళ్ళీ వినిపించలేదు.

మొన్న ఆదివారం నేను ఏదో పనిమీద భోజనాల గదిలోకి వెళ్ళాను. మామయ్య ఒంటరిగా కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు తీసి ఉన్నాయి, బిళ్ళ ఛాతీ మీద ఉంది, దాని అంచు చుట్టూ ఆ కాఫీ రంగు వలయం కనిపిస్తోంది. నన్ను చూడగానే కుడిచెయ్యి అలవాటుగా బల్ల మీది గుడ్డ దాకా వెళ్ళింది. కొస పట్టుకుంది. వణుకు లేదు. ఒక క్షణం అలాగే ఉండి, గుడ్డను వదిలేసింది.

"ఇక్కడ అద్దం లేదు. ఆకుపచ్చే ఉందా, చూసి చెప్పమ్మా" అన్నారు.

దగ్గరికి వెళ్ళి చూసి, ఉంది మామయ్యా అన్నాను.